తోటలో ఒక్క చెట్టు ఉన్నంత మాత్రాన జాతి భద్రమైనట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

అంతరించిపోయే దశలో ఉన్న చెట్ల గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడు చివర్లో తరచు ఒక ఊరట మాట కనిపిస్తుంది. "ఈ జాతిని ఫలానా బొటానికల్ గార్డెన్‌లో పెంచుతున్నారు, కాబట్టి భయం లేదు" అని. చదివినవాళ్లు నిశ్చింతగా పేజీ తిప్పేస్తారు. ఆ తోటలో ఉన్న మొక్కలు ఎన్ని తల్లిచెట్ల గింజల నుంచి వచ్చాయని మాత్రం ఎవరూ అడగరు. జవాబు "ఒక్కటే" అయితే అక్కడ బతికి ఉన్నది ఒక చెట్టు సంతానం, అంతే. దాన్ని జాతి అనలేం. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల మంచి మనసుతో చేసిన పని కూడా చాలాచోట్ల వృథా అవుతోంది. అందుకే ఉత్తరం పొడుగైనా, గింజ కోసే దగ్గర్నుంచి తోటలో నాటే దాకా ఏం చేయాలో, ఎక్కడ చెడుతుందో వివరంగా రాస్తున్నాం.

ముందు పరిస్థితి ఎంత దూరం వచ్చిందో చూడండి. బొటానిక్ గార్డెన్స్ కన్జర్వేషన్ ఇంటర్నేషనల్ సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 58,500 జాతుల చెట్లున్నాయి. వాటిలో 30 శాతం, అంటే దాదాపు 17,500 జాతులకు ముప్పు ఉంది. 440కి పైగా జాతుల్లో అడవిలో మిగిలినవి యాభై చెట్లకు లోపే. 2024లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సమాఖ్య (ఐయూసీఎన్) 47,000కు పైగా చెట్ల జాతులను మదింపు చేసి, ముప్పున్నవి 38 శాతమని తేల్చింది. ఇంకోపక్క, ప్రపంచవ్యాప్తంగా వెయ్యికి పైగా తోటల రికార్డులను కలిపి 2017లో చేసిన అధ్యయనంలో, ముప్పున్న మొక్కల్లో 41 శాతం ఏదో ఒక తోటలో ఉన్నట్టు బయటపడింది. ఆ సంఖ్య వినడానికి బాగానే ఉంటుంది. అయితే అది జాబితాలో పేరుందా లేదా అని చూసిన లెక్క. ఎన్ని మొక్కలున్నాయి, ఏ అడవి నుంచి వచ్చాయి అన్నది దాన్నిబట్టి తెలియదు.

పేరు మాత్రమే మిగిలితే ఏమవుతుందో చెప్పే చెట్లు కొన్ని ఉన్నాయి. అమెరికాలోని జార్జియాలో, ఆల్టమహా నది ఒడ్డున బార్‌ట్రామ్ తండ్రీకొడుకులు 1765లో ఫ్రాంక్లినియా అనే చెట్టును చూశారు. తర్వాత కొడుకు విలియం గింజలు తెచ్చి ఫిలడెల్ఫియాలోని సొంత తోటలో మొలిపించాడు. 1803 తర్వాత అడవిలో ఆ చెట్టు ఎవరి కంటా పడలేదు. ఈనాడు ప్రపంచంలో ఉన్న ఫ్రాంక్లినియాలన్నీ ఆ గింజల సంతతే. ఆ గింజలు తెచ్చి ఉండకపోతే జాతే మిగిలేది కాదు, ఆ పుణ్యం వాళ్లదే. కానీ అన్నీ దగ్గరి బంధువులు కావడంతో వేరుకుళ్లు వంటి తెగులు వచ్చినప్పుడు తట్టుకునే రకం కోసం వెతుక్కునే చోటు లేదు. ఈస్టర్ దీవి టోరోమిరో సంగతీ అంతే. రానో కావు అగ్నిపర్వత బిలంలో మిగిలిన ఆఖరి చెట్టు నుంచి 1955-56 యాత్రలో తీసుకెళ్లిన గింజలు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ తోటలో మొలిచాయి. దీవిలో తిరిగి నాటిన ప్రయత్నాలు చాలావరకు విఫలమయ్యాయి. దక్షిణాఫ్రికాలో 1895లో దొరికిన ఎన్సెఫలార్టోస్ వుడీ అనే సైకాడ్ (చూడ్డానికి ఈతచెట్టులా ఉండే మొక్క) సంగతి ఇంకా దయనీయం. దొరికిందే ఒకే ఒక మగ మొక్క. దాని పిలకలే నేడు ఎన్నో దేశాల తోటల్లో ఉన్నాయి. ఆడ మొక్క ఇప్పటిదాకా కనిపించలేదు కాబట్టి ఒక్క గింజా లేదు.

కాబట్టి చెట్లు పదులూ వందలూ మిగిలి ఉండగానే గింజ సేకరించాలి. చివరి చెట్టు దాకా ఆగితే ఆ తర్వాత ఎంత శ్రమపడినా కోల్పోయిన వైవిధ్యం తిరిగి రాదు.

గింజ ఏ రకానిదో తెలుసుకోకుండా బయలుదేరితే ఆదిలోనే హంసపాదు. చాలా చెట్ల గింజలు బాగా ఆరబెట్టి చల్లగా దాచితే దశాబ్దాల పాటు బతుకుతాయి. తుమ్మ జాతులు, చిక్కుడు కుటుంబపు చెట్లు ఎక్కువగా ఈ కోవవే. మరో రకం గింజలు ఆరితే చచ్చిపోతాయి. మామిడి, పనస, రబ్బరు, కోకో, ఓక్ ఇలాంటివి. సాల వృక్షం గింజ రాలాక మామూలుగా వదిలేస్తే వారం రోజులు నిలవడం కూడా కష్టం. ప్రపంచంలోని చెట్ల జాతుల్లో దాదాపు మూడోవంతు ఈ రెండో రకానివై ఉంటాయని 2018లో ఒక అంచనా వెలువడింది. వాన ఎక్కువగా ఉండే ఉష్ణమండల అడవుల్లో వీటి వాటా మిగతా చోట్ల కంటే ఎక్కువ. ముప్పు ఎక్కువగా ఉన్నదీ అక్కడే. ఈ రెంటికీ మధ్యలో వేప, కాఫీ లాంటివి ఉన్నాయి. కొంతవరకు ఆరడాన్ని ఓర్చుకుంటాయి కానీ పూర్తిగా ఆరబెట్టి గడ్డకట్టించే చలిలో పెడితే దెబ్బతింటాయి.

తెలియని జాతి అయితే గింజను చూసి కొంత ఊహించవచ్చు. పెద్దగా, బరువుగా, పలుచని పొరతో, తేమగా ఉండి వానాకాలంలో రాలేది అయితే ఆరబెట్టడానికి జంకాలి. ఖాయంగా తెలియాలంటే ఓ వంద గింజలు పక్కన పెట్టి పరీక్షించాలి. కొన్నిటిని తాజాగానే మొలకకు పెట్టాలి. కొన్నిటిని తేమ పీల్చే సిలికా జెల్‌తో ఆరబెట్టి మొలకకు పెట్టాలి. మరికొన్నిటిని, ఆ ఆరబెట్టినన్ని రోజులూ, తడి వర్మిక్యులైట్‌లో (తేమ పట్టి ఉంచే తేలికపాటి ఖనిజం) ఉంచి ఆ తర్వాత మొలకకు పెట్టాలి. ఈ మూడో వాటా అనవసరమని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే గింజలు ఆరినందువల్ల చచ్చాయా, రోజులు గడిచినందువల్ల చచ్చాయా అన్నది చెప్పలేం.

ఇక కోతకు వెళ్లే పని. చెట్టు పూసినప్పుడే ఒకసారి చూసిరావాలి, కాయ ముదిరే ముందు మళ్లీ వెళ్లాలి. కొన్ని చెట్లు ఏటా కాయవు. ఓక్ చెట్లు, సాల వృక్షం ఉండే డిప్టెరోకార్ప్ కుటుంబపు చెట్లు కొన్నేళ్లకోసారి విరగకాసి, మిగతా ఏళ్లలో నామమాత్రంగా కాస్తాయి. కాపు తక్కువగా ఉన్న ఏడాది గింజల్లో పురుగు పట్టినవీ తాలువీ ఎక్కువ. పరపరాగ సంపర్కం కూడా సరిగ్గా జరిగి ఉండదు. ఆ ఏడాది కోయకుండా తిరిగి రావడమే మంచిది. యాత్ర ఖర్చు పెట్టేశాం కదా అని ఏదో ఒకటి కోసుకు రావడం వల్ల, గింజలను దాచే విత్తన బ్యాంకులు పనికిరాని సంచులతో నిండుతున్నాయి.

కోయాలా వద్దా అన్నది చెట్టు కిందే తేల్చుకోవచ్చు. దానికి కావలసింది ఒక పదునైన బ్లేడు, ఒక భూతద్దం. వేర్వేరు చెట్ల నుంచి ఇరవై గింజలు తీసి ఒక్కొక్కదాన్ని నిలువునా కోసి చూడాలి. లోపల పప్పు గట్టిగా, నిండుగా, తెల్లగా గానీ లేతపచ్చగా గానీ ఉండి, పిండం స్పష్టంగా కనబడితే అది ముదిరిన మంచి గింజ. కోసినప్పుడు పాలు కారినా, పప్పు జిగురుగా ఉన్నా ఇంకా పచ్చిది, మరో పది పదిహేను రోజులు ఆగాలి. పైకి నిగనిగలాడుతూ లోపల డొల్లగా ఉంటే తాలు. ఓ మూల సన్నని పొడి, దాని పక్కన తెల్లటి పురుగు ఉంటే ఆ చెట్టు కాయలన్నిటినీ అనుమానించాలి. ఇరవైలో ఎనిమిదే మంచివైతే ఆ కోత విలువ 40 శాతం. అయిదు వేల బతికిన గింజలు కావాలంటే పన్నెండున్నర వేలు కోయాలన్నమాట. ఈ లెక్క కోయకముందే వేయాలి. ఇంటికొచ్చాక వేస్తే మళ్లీ ఏడాది ఆగాలి.

ఎన్ని చెట్ల నుంచి కోయాలి? విత్తన బ్యాంకుల లెక్క ప్రకారం ఒకే చోట పెరిగే గుంపులో కనీసం యాభై చెట్లు, అదీ ఏరికోరి కాకుండా చెదురుమదురుగా ఎంచుకోవాలి. దాని వెనక కారణం ఇది. ఆ గుంపులో ఒక జన్యువు రకం 5 శాతం కంటే ఎక్కువగా ఉంటే, యాభై చెట్ల నమూనాలో అది దొరికే అవకాశం సుమారు 95 శాతం. ఏపుగా, నిటారుగా ఉన్న అందమైన చెట్లనే ఎంచుకోవడం కలప తోటలకు సరిపోతుంది కానీ సంరక్షణకు సరిపోదు. వంకరగా, పొట్టిగా ఉన్న చెట్టులోనే కరువును తట్టుకునే గుణం ఉండొచ్చు. పక్కపక్క చెట్లు తరచు ఒకే తల్లి పిల్లలు కాబట్టి ఎంచుకున్న చెట్ల మధ్య యాభై నుంచి వంద మీటర్ల దూరం ఉండేలా చూసుకోవాలి. మిగిలినవే పన్నెండు చెట్లయితే ఈ నియమాలేవీ పనిచేయవు. కాసిన ప్రతి చెట్టు నుంచీ కోయాలి, ప్రతి చెట్టుదీ విడిగా ఉంచాలి, కొన్నేళ్ల పాటు కొంచెం కొంచెంగా కోస్తూ పోవాలి.

ఎంత కోయాలి అన్నదానికి మాత్రం మినహాయింపు లేదు. ఆ రోజు చెట్టుమీద ఉన్న ముదిరిన గింజల్లో ఐదోవంతుకు, అంటే 20 శాతానికి మించకూడదు. మిగతాది అడవిది. పక్షులూ ఉడుతలూ తినేది, నేలలో పడి మొలిచేది అందులోంచే. పూర్తి సేకరణకు పదివేల గింజలు లక్ష్యంగా పెట్టుకుంటారు. పెద్ద గింజల చెట్లకు అన్ని దొరకవు, దొరికినంతతో సరిపెట్టుకోవాలి.

ఒకే చెట్టులో కూడా ఒక కొమ్మ నుంచే కోయడం తప్పు. కిందికి వంగిన కొమ్మ చేతికందుతుంది కదా అని అక్కడే సంచి నింపుకుంటాం. ఆ కొమ్మ పూలకు పుప్పొడి ఎక్కువగా పక్కనున్న ఒకటి రెండు చెట్ల నుంచే వచ్చి ఉంటుంది. శిఖరం నుంచీ, నాలుగు దిక్కుల నుంచీ తీసుకుంటే తండ్రిచెట్ల సంఖ్య పెరుగుతుంది. పొడవాటి కర్రకు కట్టిన కొడవలి, తాడు విసిరి కొమ్మను ఊపడం, కింద పరదా పరచడం, ఇవి చాలు. కొమ్మలు నరకకూడదు. వచ్చే ఏడాది పూత ఆ కొమ్మల మీదే వస్తుంది. నేలమీద రాలిన గింజలకు పురుగు, బూజు పట్టి ఉంటాయి, ఏ చెట్టువో కూడా తెలియదు. ఆరితే చచ్చే పెద్ద గింజల విషయంలో మాత్రం రాలినవే ముదిరినవి. అప్పుడు ముందురోజు సాయంత్రం పాతవన్నీ ఊడ్చేసి పరదా పరిచి, రాత్రి రాలినవి ఉదయాన్నే ఏరుకోవాలి.

ప్రతి తల్లిచెట్టు గింజలకూ వేరే సంచి కావాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. అన్నీ ఒకే బస్తాలో కలిపేస్తే, విరగకాసిన ఒకటి రెండు చెట్లవే సగం గింజలు అవుతాయి. కాగితం మీద యాభై చెట్లుంటాయి, నర్సరీలో లేచిన మొక్కలు చూస్తే నాలుగైదు చెట్లవే ఉంటాయి. విడిగా ఉంచితే ప్రతి చెట్టు వాటా సమానం చేయొచ్చు. ఎన్నేళ్ల తర్వాతైనా ఏ మొక్క ఎవరి సంతానమో చెప్పొచ్చు.

సంచి విషయంలోనే ఎక్కువ గింజలు చస్తాయి. ఎండు కాయలకు నూలు సంచి గానీ కాగితపు సంచి గానీ వాడాలి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కడితే గింజ ఊపిరే ఆవిరై లోపల చెమ్మ పడుతుంది, ఒకట్రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. కండగల పండ్లను గాలి తగిలే బుట్టల్లో ఒకే వరసగా పరచాలి. ఎండలో తలుపులు మూసి నిలిపిన వాహనంలో వేడి 50 డిగ్రీలు దాటుతుంది. తేమగా ఉన్న గింజకు ఒక్క మధ్యాహ్నం ఆ వేడి తగిలితే చాలు, ఆరు నెలల తయారీ అంతా పోతుంది. ఆరితే చచ్చే గింజలను తడిపి పిండేసిన రంపపుపొట్టులో కలిపి, మూతి వదులుగా ఉన్న సంచిలో నీడన ఉంచి, రోజూ ఒకసారి తెరిచి గాలి తగలనివ్వాలి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకండి. ఉష్ణమండలపు గింజల్లో చాలావాటికి 10, 15 డిగ్రీల చలే ప్రాణం తీస్తుంది. వాటికున్న మందు ఒక్కటే, వీలైనంత త్వరగా నర్సరీకి చేర్చి నాటడం.

సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ ఉండాలి. పెన్సిల్‌తో రాస్తే తడిసినా చెరగదు. సేకరణ సంఖ్య, తేదీ, జీపీఎస్ కొలతలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, నేల రకం, పక్కన పెరుగుతున్న చెట్లు, ఆ చోట మొత్తం ఎన్ని చెట్లున్నాయి, ఎన్నిటి నుంచి కోశారు, ఇవి రాయాలి. అదే సంఖ్యతో ఆకులూ కాయలూ ఉన్న ఒక కొమ్మను కాగితాల మధ్య నొక్కి హెర్బేరియం నమూనా చేయాలి. గింజను చూసి జాతి చెప్పగలిగేవాళ్లు అరుదు. పదేళ్ల తర్వాత పేరు తప్పని అనుమానం వస్తే ఆ నొక్కిన కొమ్మే సాక్ష్యం. అది లేని సంచి, ఎంత మొలకశాతం ఉన్నా, ఊరూ పేరూ లేని సంచే.

అనుమతి లేకుండా ఒక్క గింజా కోయకూడదు. భూమి ఎవరిదైతే వాళ్ల అనుమతి, రక్షిత అడవైతే అటవీ శాఖ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. దేశం దాటించాలంటే జన్యు వనరుల వాడకంపై 2014 నుంచి అమల్లో ఉన్న నగోయా ఒప్పందం, జాబితాలో ఉన్న జాతులకు సైటీస్ (ముప్పున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనలు వర్తిస్తాయి. కాగితాలు లేని గింజను మంచి బ్యాంకు ఏదీ తీసుకోదు.

కోసుకొచ్చాక కండను తీసేయాలి. పండ్లను ఒకరోజు నీళ్లలో నానబెట్టి, జల్లెడ మీద నీటి ధార కింద చేత్తో రుద్దితే పోతుంది. రోజుల తరబడి నానబెట్టి కుళ్లనిస్తే ఆ వేడికీ పులుపుకీ పిండం దెబ్బతింటుంది. నీళ్లలో తేలినవన్నీ తాలువని పారబోయడం కూడా తొందరపాటే. గాలి పొరలున్న మంచి గింజలు కూడా తేలతాయి. తేలిన వాటిలో పది కోసి చూశాకే నిర్ణయించాలి.

ఆరబెట్టగల గింజలకు ఆరబెట్టడమే ప్రాణం. పెద్ద బ్యాంకుల్లో 15 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 15 శాతం ఉండే గదుల్లో వారాల తరబడి ఉంచుతారు. ఇంగ్లండ్‌లోని వేక్‌హర్స్ట్‌లో 2000లో మొదలైన మిలీనియం సీడ్ బ్యాంక్‌లో పద్ధతి అదే. తర్వాత మైనస్ 20 డిగ్రీల దగ్గర దాస్తారు. గింజలో తేమ ఒక శాతం తగ్గిన ప్రతిసారీ, దాచే చోట వేడి అయిదు డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపవుతుందన్నది విత్తన శాస్త్రంలో పాత సూత్రం. ఒక హద్దు వరకు అది నిజమే. చలిగది కంటే ముందు తేమ తీయడమే ముఖ్యమని దీన్నిబట్టి గ్రహించాలి. తేమగా ఉన్న గింజను గడ్డకట్టే చలిలో పెడితే లోపలి నీళ్లు మంచు ముక్కలై కణాలను చీల్చేస్తాయి.

అంత గది లేనివాళ్లు గాలి చొరబడని డ్రమ్ములో గింజల బరువుకు సమానంగా గానీ రెట్టింపు గానీ సిలికా జెల్ పోసి, పైన వలమీద నూలు సంచుల్లో గింజలు ఉంచొచ్చు. రంగు మారే రకం కొంత కలిపితే ఎప్పుడు మార్చాలో కనబడుతుంది. నారింజ రంగు పోగానే తీసి వేడిచేసి మళ్లీ వాడాలి. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, అది విషం. డ్రమ్ములో ఒక చిన్న తేమమాపిని గింజల మధ్యే పెట్టాలి. అది కొన్ని రోజుల పాటు 15 శాతం దగ్గర కదలకుండా నిలిస్తే గింజ ఆరినట్టు. నేరుగా ఎండలో పోసి ఆరబెట్టడం, ఓవెన్‌లో పెట్టడం రెండూ వద్దు.

ఆరిన గింజను పెట్టే డబ్బా విషయంలో కక్కుర్తి పడితే అసలుకే ఎసరు. మామూలు ప్లాస్టిక్ కవర్లు, జిప్ కవర్లు నెలల్లో తేమను లోపలికి పీలుస్తాయి. రబ్బరు వలయం ఉన్న గాజు సీసా గానీ, మూతి వేడితో అతికించిన అల్యూమినియం పొర సంచి గానీ వాడాలి. లోపల రంగు మారే సిలికా జెల్ పొట్లం ఒకటి వేస్తే మూత కారుతోందో లేదో కంటికి తెలుస్తుంది. ఫ్రీజర్ నుంచి తీసిన సీసాను వెంటనే తెరవకూడదు. గది వేడికి వచ్చేదాకా, ఒక రాత్రంతా, మూత తీయకుండా ఉంచాలి. చల్లటి గింజకు బయటి గాలి తగలగానే నీటిచుక్కలు పడతాయి. ఏళ్లపాటు కాపాడిన గింజ అలా ఒక్క గంటలో తడిసిపోతుంది.

దాచాక పదేళ్లకోసారైనా మొలక పరీక్ష చేయాలి. గింజలు తక్కువగా ఉన్న అరుదైన జాతికి ఇరవై పాతిక సరిపోతాయి. మొలవలేదంటే చచ్చిందని అప్పుడే రాసేయకండి. చిక్కుడు కుటుంబపు గింజల పెంకు నీటిని లోపలికి రానివ్వదు. పిండం లేని వైపు బ్లేడుతో చిన్న గాటు పెడితే రెండు రోజుల్లో ఉబ్బుతుంది. చల్లటి దేశాల చెట్లకు కొన్ని నెలల తడి చలి కావాలి. పరీక్ష ముగిశాక మొలవని ప్రతి గింజనూ కోసి చూడాలి. గట్టిగా తెల్లగా ఉంటే నిద్రలో ఉంది, మెత్తబడితే పోయింది. ఇంకా అనుమానముంటే టెట్రజోలియం ద్రావణంలో ఉంచితే బతికున్న కణజాలం ఎర్రబడుతుంది.

బ్యాంకులో దాచలేని చెట్లకు దారి రెండే. ఒకటి, పిండాన్ని మాత్రం వేరుచేసి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచడం. జాతి జాతికీ పద్ధతి మారుతుంది, నిపుణులూ పరికరాలూ ఉన్న కొద్ది ప్రయోగశాలలే చేయగలవు. రెండోది బొటానికల్ గార్డెన్. తోటల విలువ అసలు ఇక్కడే తెలుస్తుంది, లోపాలూ ఇక్కడే బయటపడతాయి.

తోటల్లో అలవాటు ఏమిటంటే ప్రతి జాతికీ రెండు మొక్కలు పెట్టి, వీలైనన్ని జాతులు చూపించడం. సందర్శకులకు అది బాగుంటుంది. ముప్పున్న చెట్టుకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. తక్కువ జాతులు, ఒక్కో జాతికి ఎక్కువ తల్లిచెట్ల పిల్లలు. ఒక్క తోటలో అంత స్థలం ఉండదు కాబట్టి కనీసం మూడు తోటలు పంచుకోవాలి, ప్రతి తల్లిచెట్టు సంతానం ఒకటి కంటే ఎక్కువ తోటల్లో ఉండాలి. 1987 అక్టోబరులో ఒక్క రాత్రి గాలివానకు లండన్‌లోని క్యూ తోటలో దాదాపు 700 చెట్లు కూలిపోయాయి. అన్నీ ఒకేచోట ఉంచితే ఎంత ప్రమాదమో అంతకంటే చెప్పనక్కర్లేదు. పంచుకున్న తోటలన్నిటికీ కలిపి ఒకటే రిజిస్టర్ ఉండాలి. లేకపోతే మూడు తోటల్లోనూ ఉన్నవి ఒకే చెట్టు అంట్లని ఎవరికీ తెలియకుండానే ఏళ్లు గడుస్తాయి.

తోటలో కాసిన గింజను అడవికి పంపాలనుకుంటే ఇంకా జాగ్రత్త కావాలి. తోటలో దగ్గరి జాతులన్నీ పక్కపక్కన ఉంటాయి. ఓక్ చెట్లు ఒకదానితో ఒకటి ఇట్టే సంకరమవుతాయి. తల్లి పేరు రాసిన గింజ మొలిస్తే వచ్చేది మరో జాతి రక్తం కలిసిన మొక్క కావొచ్చు. ఒంటరిగా నాటిన చెట్టుకు మరో సమస్య. 1940లలో చైనాలో సజీవంగా దొరికిన మెటాసెకోయా గింజలు 1948లో ఎన్నో దేశాల తోటలకు చేరాయి. ఒంటరిగా పెరిగిన చెట్లకు కాయలు వస్తాయి కానీ లోపల తాలు ఎక్కువ. మారిషస్‌లోని క్యూర్‌పైప్ తోటలో తాటి కుటుంబంలోని ఒక జాతికి చెందిన చెట్టు ప్రపంచంలో ఒక్కటే మిగిలింది. దాని మగపూలూ ఆడపూలూ వేర్వేరు సమయాల్లో విచ్చుకుంటాయి. తోటలో గింజ కావాలంటే ఆడపువ్వు విచ్చకముందే సంచి తొడిగి, మరో తల్లిచెట్టు సంతానం నుంచి పుప్పొడి తెచ్చి చేత్తో అద్ది, మళ్లీ సంచి తొడిగి, ఇద్దరి సంఖ్యలూ ట్యాగ్ మీద రాయాలి. ఇది ఓపిక పని, దీనికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టాలి.

నర్సరీలో జరిగే నష్టం ఎవరి కంటికీ కనిపించదు. ముందుగా మొలిచిన బలమైన మొక్కలను ఉంచుకుని ఆలస్యంగా లేచినవాటిని పారేస్తారు. ఆలస్యంగా మొలిచే గుణం అడవిలో ఆ జాతికి కాపుదల. తొలకరికి మొలిచినవన్నీ వాన మొహం చాటేసి ఎండిపోతే, తర్వాత లేచేవే జాతిని నిలబెడతాయి. తల్లి వారీగా నారుమడులు విడిగా పెట్టి, మొలకలు ఆగిపోయాక కూడా ఒక ఏడాది మడిని ఉంచాలి. తల్లివేరు ఉన్న చెట్లను చిన్న పాలిథిన్ సంచుల్లో ఎక్కువకాలం ఉంచితే వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. అలాంటి మొక్క నాటాక పదేళ్లు బాగానే పెరిగి, గాలికి వేరుతో సహా ఒరిగిపోతుంది. అడుగు తెరిచి ఉన్న లోతైన గొట్టాల్లో పెంచితే వేరు కొస గాలి తగిలి ఆగిపోయి పక్కవేర్లు వస్తాయి. కొమ్మ కత్తిరింపులతో పెంచాల్సి వస్తే నిటారు కొమ్మే తీసుకోవాలి. అరకేరియా కుటుంబంలోనూ, టొరెయా అనే సూదాకుల చెట్టులోనూ పక్కకొమ్మ నాటితే ఆ మొక్క పక్కకే పాకుతుంది కానీ చెట్టులా నిలబడదు.

చెట్టుకు కొట్టే ట్యాగ్ కూడా చిన్న సంగతి కాదు. మేకుతో గట్టిగా బిగిస్తే బెరడు దాన్ని మింగేస్తుంది. తీగతో బిగిస్తే కాండాన్ని కోసేస్తుంది. వదులుగా వేలాడే అల్యూమినియం ట్యాగ్ ఒకటి, నేలలో మరొకటి, పటం మీద చెట్టు స్థానం, మూడూ ఉండాలి. సంఖ్య పోయిన చెట్టు నీడనిస్తుంది, సంరక్షణ లెక్కలో మాత్రం దానికి చోటుండదు.

తిరిగి అడవిలో నాటేటప్పుడు, ఏ కారణంతో చెట్టు పోయిందో ఆ కారణం ఇంకా అక్కడే ఉంటే నాటకండి. మేకలు, మంటలు, తెగులు ఉన్నచోట నాటిన మొక్క కేవలం ఫొటోకే. పరిస్థితి మారాక, వేర్వేరు తల్లుల మొక్కలను కలగలిపి నాటి, ప్రతి మొక్క సంఖ్యతోనూ ఏటా బతికినవి లెక్కపెట్టాలి. ఏ తల్లి సంతానం ఎక్కువ నిలబడిందో అప్పుడు తెలుస్తుంది. తర్వాతి కోత ఎక్కడ చేయాలో కూడా ఆ లెక్కే చెబుతుంది.

చివరగా పత్రికలకు ఒక విన్నపం. తోటలో అరుదైన చెట్టు నాటారన్న వార్త రాసేటప్పుడు, గింజ ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని తల్లిచెట్ల నుంచి కోశారు, అదే సేకరణ ఇంకెన్ని చోట్ల ఉంది అన్నది కూడా అడిగి రాయండి. అడవిలో మిగిలిన చెట్ల ఆచూకీ మాత్రం ఊరి పేరుతో, కొండ పేరుతో, జీపీఎస్ ఉన్న ఫొటోతో అచ్చు వేయకండి. ఆస్ట్రేలియాలో 1994లో వొల్లెమి పైన్ దొరికినప్పుడు అడవిలో ఉన్న పెద్ద చెట్లు వంద లోపే. చోటు రహస్యంగా ఉంచినా, అనుమతి లేకుండా చూడ్డానికి వెళ్లినవాళ్ల బూట్ల మట్టితోనే వేరుకుళ్లు తెగులు అక్కడికి చేరి ఉంటుందని అనుమానిస్తున్నారు. దక్షిణాఫ్రికాలో సైకాడ్లను ఆచూకీ తెలిసిన చాలాచోట్ల దొంగలు వేళ్లతో సహా పెకలించుకుపోయారు. జిల్లా పేరు వరకు రాస్తే పాఠకుడికి సరిపోతుంది. ఖచ్చితమైన చోటు అటవీ శాఖకూ, గింజ కోసేవాళ్లకూ తెలిస్తే చాలు.

భవదీయులు,
విత్తన సేకరణ, తోటల పనిలో ఉన్న కొందరు పాఠకులు